చివరి మాట ఎవరిది? ఫుట్‌బాల్ క్లబ్బుకు డైరెక్టర్ కావాలా, మేనేజర్ ఒక్కడే చాలా?

2008 జనవరిలో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ యునైటెడ్ క్లబ్బు తన పాత హీరో కెవిన్ కీగన్‌ను మళ్లీ మేనేజర్‌గా తెచ్చుకుంది. అభిమానులు పండగ చేసుకున్నారు. అదే నెలలో ఆటగాళ్ల కొనుగోళ్లు చూడటానికి డెన్నిస్ వైజ్ అనే మాజీ ఆటగాడిని పై పదవిలో కూర్చోబెట్టింది. ఆ ఏడాది వేసవిలో ఇగ్నాసియో గొంజాలెజ్ అనే ఉరుగ్వే ఆటగాడిని తీసుకుందామని కీగన్‌కు కబురొచ్చింది. అతనెవరో నాకు తెలియదన్నాడు కీగన్. యూట్యూబ్‌లో చూడమన్నారు. చూశాడు, వద్దన్నాడు. అయినా తీసుకున్నారు. సెప్టెంబర్ 4న కీగన్ రాజీనామా చేశాడు.

గొడవ మధ్యవర్తుల ప్యానెల్ ముందుకు వెళ్లింది. కొనుగోళ్లలో చివరి మాట కీగన్‌దేనని క్లబ్బు బయట చాలాసార్లు చెప్పింది. తీరా విచారణలో మాత్రం, అది జనం కోసం చెప్పిన మాటే తప్ప ఒప్పందం కాదని వాదించింది. ప్యానెల్ ఒప్పుకోలేదు. 2009 అక్టోబర్‌లో కీగన్‌కు 20 లక్షల పౌండ్ల పరిహారం ఇవ్వమంది. ఈలోపు న్యూకాజిల్ రెండో డివిజన్‌కు పడిపోయింది.

డైరెక్టర్ ఆఫ్ ఫుట్‌బాల్ అనే పదవి గురించి ఎవరు అడిగినా నేను ముందు ఈ కథే చెబుతాను. క్లబ్బు నడపాలనుకునే వాళ్లు సాధారణంగా “డైరెక్టర్‌ని పెడితే మంచిదా, మేనేజర్‌కే అంతా వదిలేస్తే మంచిదా” అని అడుగుతారు. రెండు పద్ధతుల్లోనూ కప్పులు గెలిచినవాళ్లున్నారు, రెండింట్లోనూ మునిగినవాళ్లున్నారు. కొనుగోలు కాగితం మీద చివరి సంతకం ఎవరిదో మొదటి రోజే తేల్చుకున్న క్లబ్బు ఏ పద్ధతిలోనైనా నిలబడింది. తేల్చుకోని క్లబ్బు న్యూకాజిల్ దారిలోనే పోయింది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు.

ఇంతకీ ఈ ఉద్యోగం ఏమిటి

మనకు క్రికెట్ దగ్గర కాబట్టి అక్కడి నుంచి చెప్తాను. గుంటూరు వాడైన ఎమ్మెస్కే ప్రసాద్ భారత జట్టు చీఫ్ సెలెక్టర్‌గా ఉన్న రోజులు గుర్తున్నాయి కదా. జట్టులోకి ఎవరిని తీసుకోవాలో సెలెక్టర్లు నిర్ణయిస్తారు, అందులోంచి ఆ రోజు ఆడే పదకొండు మందిని కెప్టెన్, కోచ్ ఎంచుకుంటారు. ఫుట్‌బాల్ డైరెక్టర్ పనిలో ఈ సెలెక్టర్ పని ఒక భాగం. దానికి తోడు ఆటగాళ్లను డబ్బిచ్చి కొనాలి, అమ్మాలి, ఏజెంట్లతో బేరమాడాలి, జీతాల లెక్క చూడాలి, కొత్త ఆటగాళ్లను వెతికే స్కౌట్లను నడపాలి, అకాడమీ మీద కన్నేసి ఉంచాలి. కోచ్‌ని పెట్టాలన్నా తీసేయాలన్నా యజమాని ముందు ఇతన్నే అడుగుతాడు.

స్పెయిన్, ఇటలీ, జర్మనీల్లో ఇతన్ని స్పోర్టింగ్ డైరెక్టర్ అంటారు. అక్కడ ఇది ఏనాటి నుంచో ఉన్న పదవి. బయెర్న్ మ్యూనిక్‌లో ఉలీ హోనెస్ మోకాలి గాయంతో ఆట మానేసి 1979లో 27 ఏళ్ల వయసులో మేనేజర్ కుర్చీలో కూర్చున్నాడు. అక్కడ మేనేజర్ అంటే కోచ్ కాదు, ఈ డైరెక్టర్ పనే. 2009 వరకు 30 ఏళ్లు ఆ కుర్చీ వదల్లేదు. ఇంగ్లండ్‌లో మాత్రం మేనేజర్ అంటే కోచింగ్, కొనుగోళ్లు, అన్నీ చూసుకునే పెద్ద. అందుకే అక్కడ డైరెక్టర్ అనే మాట వినగానే మేనేజర్లకు టెన్షన్ మొదలయ్యేది.

మొదటి దారి: అంతా మేనేజరే

అలెక్స్ ఫెర్గూసన్ 1986 నవంబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌కు వచ్చి 2013 మేలో వెళ్లాడు. 13 లీగ్ టైటిళ్లు. మొదటిది 1993లో వచ్చింది, అంటే ఆరున్నరేళ్లు ఆగాక. ఆర్సెనల్‌లో ఆర్సెన్ వెంగెర్ 1996 నుంచి 2018 దాకా ఉన్నాడు. 2003-04లో లీగ్‌లో ఒక్క మ్యాచ్ ఓడకుండా గెలిచాడు. ఈ దారి గొప్పదనం ఏమిటంటే, జట్టు ఒకే మనిషి ఆలోచన ప్రకారం తయారవుతుంది. తను ఆడించబోయే ఆటకు సరిపడే మనిషినే తను కొంటాడు.

వీళ్లిద్దరూ ఒంటరిగా చేశారని మాత్రం అనుకోవద్దు. వెంగెర్ పక్కన వైస్ చైర్మన్ డేవిడ్ డీన్ ఉన్నాడు. బేరాలన్నీ ఆయన చూసేవాడు. 2007 ఏప్రిల్‌లో డీన్ వెళ్లిపోయాక వెంగెర్‌కు లీగ్ టైటిల్ రాలేదు. దానికి కొత్త స్టేడియం అప్పులు కూడా కారణం, కానీ డీన్ లేని లోటు ఆర్సెనల్ అభిమానులు ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. ఫెర్గూసన్ పక్కన చీఫ్ ఎగ్జిక్యూటివ్ డేవిడ్ గిల్ ఉన్నాడు.

ఈ దారిలో ప్రమాదం ఆ పెద్ద మనిషి వెళ్లిన రోజు తెలుస్తుంది. 2013 వేసవిలో ఫెర్గూసన్, గిల్ ఇద్దరూ ఒకేసారి వెళ్లారు. కొత్త మేనేజర్ డేవిడ్ మోయెస్‌కు ఆ వేసవిలో పేరున్న కొనుగోలుగా దక్కింది గడువు చివరి రోజున వచ్చిన ఫెలైనీ ఒక్కడే. పది నెలల్లో మోయెస్ ఉద్యోగం పోయింది. తర్వాత వాన్ గాల్, మొరిన్యో, సోల్‌షెర్ వచ్చారు. ఒక్కొక్కరిది ఒక్కో ఆట, ఒక్కొక్కరు అడిగిన ఆటగాళ్లు వేరు. ముందువాడు కొన్నవాళ్లు తర్వాతివాడికి పనికిరాలేదు. ఫుట్‌బాల్ డైరెక్టర్ అనే పదవిని యునైటెడ్ మొదటిసారి 2021 మార్చిలో పెట్టింది. దాదాపు ఎనిమిదేళ్లు, నలుగురు మేనేజర్లు, ఎంతో డబ్బు అయిపోయాక.

ఈ రోజుల్లో ఒక మేనేజర్ మూడేళ్లు ఉంటే చాలా కాలం ఉన్నట్టు. ఆటగాడి కాంట్రాక్ట్ మాత్రం నాలుగైదేళ్లు. ఏడాదిన్నరలో వెళ్లిపోయే మనిషి చేత ఐదేళ్ల అప్పు పత్రం మీద సంతకం పెట్టించుకుంటామా? నేను మొదటి దారికి ఒప్పుకోకపోవడానికి ఇదే కారణం. మీ మేనేజర్ పదేళ్లు ఉంటాడని, ఓడిన ఏడాది కూడా మీరు అతన్ని తీసెయ్యరని మీకు గట్టి నమ్మకం ఉంటే తప్ప ఈ దారి పట్టొద్దు.

రెండో దారి: డైరెక్టర్ ఉంటాడు, కోచ్‌లు మారతారు

దీనికి సెవియ్యాను మించిన ఉదాహరణ నాకు తెలియదు. 2000లో ఆ స్పెయిన్ క్లబ్బు రెండో డివిజన్‌కు పడిపోయింది, చేతిలో డబ్బు లేదు. తమ దగ్గర గోల్‌కీపర్‌గా ఆడి మానేసిన రమోన్ రోడ్రిగెజ్ వెర్డెహోకు, అందరూ మోంచి అని పిలిచే మనిషికి, స్పోర్టింగ్ డైరెక్టర్ బాధ్యత ఇచ్చారు. మరుసటి ఏడాదే జట్టు పైకి వచ్చింది.

మోంచి చేసింది చెప్పడానికి తేలిక, చేయడానికి కష్టం. పేరు లేనివాళ్లను తక్కువలో కొనడం, రెండు మూడేళ్లు ఆడించడం, ధర పెరిగాక అమ్మడం, ఆ డబ్బులో కొంత మళ్లీ స్కౌట్ల మీద పెట్టడం. బ్రెజిల్‌లోని బాయియా నుంచి డానీ ఆల్వెస్‌ను తెచ్చి 2008లో బార్సిలోనాకు దాదాపు 3 కోట్ల యూరోలకు అమ్మారు. సొంత అకాడమీలో పెరిగిన సెర్హియో రామోస్‌ను 2005లో రియల్ మాడ్రిడ్‌కు 2.7 కోట్ల యూరోలకు ఇచ్చారు. ఒక ఆటగాడు వెళ్లిపోతాడని తెలిసేలోపే అతని స్థానానికి ఎవరిని తేవాలో పేర్ల జాబితా సిద్ధంగా ఉండేది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవడం అంటే అదే.

ఫలితం చూడండి. 2006, 2007లో యూఏఫా కప్, అంటే యూరప్ క్లబ్బుల మధ్య జరిగే రెండో పెద్ద పోటీ. 2014, 2015, 2016లో అదే పోటీ యూరోపా లీగ్ పేరుతో. 2020లో మరోసారి, 2023లో ఇంకోసారి. మొత్తం ఏడు. మొదటి రెండూ హువాందే రామోస్ కోచ్‌గా, తర్వాతి మూడు ఉనాయ్ ఎమెరీ కోచ్‌గా, ఆపైవి లోపెటెగి, మెండిలిబార్‌లతో. కోచ్‌లు నలుగురు, డైరెక్టర్ ఒక్కడే.

ఇదే హువాందే రామోస్ ఇక్కడి నుంచి లండన్‌లోని టాటెన్‌హామ్‌కు వెళ్లాడు. అక్కడా డేమియన్ కొమొల్లి అనే స్పోర్టింగ్ డైరెక్టర్ ఉన్నాడు. కాగితం మీద అదే పద్ధతి. కానీ 2008 వేసవిలో క్లబ్బు తన ఇద్దరు ప్రధాన గోల్ స్కోరర్లు రాబీ కీన్, బెర్బటోవ్‌లను అమ్మేసింది. వాళ్ల స్థాయి ప్రత్యామ్నాయం రాలేదు. ఎనిమిది లీగ్ మ్యాచ్‌ల్లో రెండే పాయింట్లు. అక్టోబర్‌లో కోచ్‌నీ, డైరెక్టర్‌నీ ఒకేరోజు పంపించేశారు. ఆ పదవే ఎత్తేసి, అంతా మేనేజరే అనే పాత దారిలో హ్యారీ రెడ్‌నాప్‌ను తెచ్చారు.

తర్వాత జరిగింది కూడా చెప్పాలి. 2010లో రెడ్‌నాప్ టాటెన్‌హామ్‌ను యూరప్ మేటి క్లబ్బులు ఆడే చాంపియన్స్ లీగ్‌కు చేర్చాడు. ఆ జట్టుకు ప్రాణం పోసిన లూకా మోడ్రిచ్, గారెత్ బేల్ ఇద్దరూ కొమొల్లి రోజుల్లో వచ్చినవాళ్లే. 2013లో బేల్ రియల్ మాడ్రిడ్‌కు అమ్ముడైన ధర అప్పటికి ప్రపంచ రికార్డు. మోడ్రిచ్ 2018లో ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ గెలిచాడు. డైరెక్టర్ నాటిన చెట్టు కాయలు ఆయన వెళ్లిన రెండేళ్లకో ఐదేళ్లకో చేతికొస్తాయి. కోచ్‌ను పది మ్యాచ్‌లతో కొలిచినట్టు డైరెక్టర్‌ను కొలిస్తే ఈ తప్పే జరుగుతుంది.

సెవియ్యాలోనూ అన్నీ బంగారం కాలేదు. 2022లో కూండే, డియెగో కార్లోస్ అనే గోల్ ముందు కాపలా కాసే ఇద్దరు సెంటర్ బ్యాక్‌లను ఒకే వేసవిలో అమ్మేశారు. ఆ సీజన్‌లో ముగ్గురు కోచ్‌లు మారారు, లీగ్‌లో కింది డివిజన్‌కు పడిపోయే ప్రమాదం దాకా వెళ్లారు. అదే సీజన్‌లో కప్పు గెలవడం వాళ్లకే సాధ్యం. మోంచి 2023 వేసవిలో వెళ్లిపోయాక లీగ్‌లో 14వ స్థానం, మరుసటి ఏడాది 17. అంతకు ముందు 2017 నుంచి రెండేళ్లు ఇటలీలో రోమా క్లబ్బుకు పని చేసినప్పుడు మోంచి సెవియ్యాలో చేసినట్టు చేయలేకపోయాడు. మనిషి అతనే, క్లబ్బు వేరు. స్కౌట్లు, సంబంధాలు, యజమాని ఓపిక కలిసి ఏళ్ల మీద తయారైన పని అది. గొప్ప డైరెక్టర్‌ను తెచ్చుకుంటే గొప్ప పద్ధతి తనంతట తనే వచ్చేస్తుందని అనుకోకండి.

మూడో దారి: కమిటీ, లెక్కలు

2012 నుంచి లివర్‌పూల్‌లో ఆటగాళ్ల కొనుగోళ్లకు ఒక కమిటీ ఉండేది. మేనేజర్ బ్రెండన్ రాడ్జర్స్ అందులో ఒకడు. స్కౌట్లు, డేటా చూసేవాళ్లు, క్లబ్బు పెద్దలు మిగతావాళ్లు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. మేనేజర్ మనసు పడ్డ కొనుగోలు ఏది, కమిటీ తెచ్చినది ఏది అని బయట జనం వేళ్లు మడిచి లెక్కపెట్టేవాళ్లు. జట్టు ఓడితే తప్పు ఎవరిదో తేలేది కాదు.

2015 అక్టోబర్‌లో రాడ్జర్స్ వెళ్లి యుర్గెన్ క్లాప్ వచ్చాడు. 2016 నవంబర్‌లో మైకేల్ ఎడ్వర్డ్స్ స్పోర్టింగ్ డైరెక్టర్ అయ్యాడు. మనుషులు చాలామంది పాతవాళ్లే, డేటా విభాగం పాతదే. మారింది ఒక్కటి: ఇప్పుడు కొనుగోళ్లకు జవాబు చెప్పే మనిషి ఒకడున్నాడు. 2017లో మొహమెద్ సలాను తీసుకోమని ఎడ్వర్డ్స్ బృందం పట్టుబట్టిందని క్లాప్ తనే తర్వాత చెప్పాడు. మొదటి సీజన్‌లోనే సలా లీగ్‌లో 32 గోల్స్ కొట్టాడు. 2018 జనవరిలో కుటిన్యోను బార్సిలోనాకు బోనస్‌లతో కలిపి 14.2 కోట్ల పౌండ్లకు అమ్మారు. అదే నెలలో 7.5 కోట్లకు వాన్ డైక్, వేసవిలో గోల్‌కీపర్ అలిసన్ వచ్చారు. 2019లో చాంపియన్స్ లీగ్, 2020లో 30 ఏళ్ల తర్వాత లీగ్ టైటిల్. క్లాప్‌లాంటి బలమైన మనిషి తన మాట నెగ్గకపోయినా వినడానికి ఒప్పుకున్నాడు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చే భాగం అదే.

లెక్కల మీద నడిచే క్లబ్బుల్లో బ్రెంట్‌ఫర్డ్ గురించి వేరుగా చెప్పాలి. 2015లో ఆ చిన్న లండన్ క్లబ్బు మేనేజర్ మార్క్ వార్‌బర్టన్ జట్టును రెండో డివిజన్‌లో ఐదో స్థానానికి తెచ్చాడు. యజమాని మాథ్యూ బెన్‌హమ్ అప్పుడే చెప్పేశాడు: ఇకపై స్పోర్టింగ్ డైరెక్టర్, హెడ్ కోచ్ పద్ధతి ఉంటుంది, కొనుగోళ్లలో కోచ్ మాట వింటాం గానీ ఏ ఆటగాడినీ అడ్డుకునే పూర్తి హక్కు అతనికి ఉండదు. వార్‌బర్టన్‌కు అది నచ్చలేదు. సీజన్ చివర్లో మర్యాదగా విడిపోయారు. గెలుస్తున్న మేనేజర్‌ను వదులుకున్నందుకు అప్పుడు చాలామంది తిట్టారు.

న్యూకాజిల్‌తో దీన్ని పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడ కోచ్‌కు ఒకటి చెప్పి ఇంకోటి చేశారు. ఇక్కడ చేయబోయేదే చెప్పారు. బ్రెంట్‌ఫర్డ్ ఫిల్ గైల్స్, రాస్మస్ అంకర్సన్ అనే ఇద్దరిని డైరెక్టర్లుగా పెట్టింది. 2016లో అకాడమీ మూసేసి, ఆ డబ్బును వేరే క్లబ్బులు వదిలేసిన కుర్రాళ్ల కోసం బి జట్టు మీద పెట్టింది. నీల్ మొపేను, ఓలీ వాట్కిన్స్‌ను అమ్మి, పీటర్‌బరోలో ఆడుతున్న ఐవన్ టోనీని తెచ్చింది. 2021లో 74 ఏళ్ల తర్వాత ఇంగ్లండ్ మొదటి డివిజన్‌లో అడుగుపెట్టింది. 2025లో కోచ్ థామస్ ఫ్రాంక్ వెళ్లిపోతే తమ దగ్గర ఫ్రీ కిక్‌లు, కార్నర్‌లు చూసే సెట్‌పీస్ కోచ్‌గా ఉన్న కీత్ ఆండ్రూస్‌నే పైకి తెచ్చింది.

బ్రైటన్ కూడా ఇదే కోవ. కైసేడోను ఈక్వడార్ నుంచి 50 లక్షల పౌండ్ల లోపు ధరకు తెచ్చి 2023లో చెల్సీకి 11.5 కోట్లకు అమ్మగలగడం డేటా, డైరెక్టర్, ఓపిక మూడూ కలిస్తేనే జరుగుతుంది. డేటాను డైరెక్టర్‌కు బదులుగా వాడలేం. ఏజెంట్‌కు ఫోన్ చేసి బేరమాడేది, అమ్మవద్దని ఏడ్చే అభిమానులకు జవాబు చెప్పేది మనిషే.

ఎలాంటి మనిషిని పెట్టాలి

రెండో దారో మూడో దారో ఎంచుకున్నాక అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. క్లబ్బుల ముందుకు ఎక్కువగా ముగ్గురు రకాల మనుషులు వస్తారు.

మొదటివాడు క్లబ్బులో ఆడి పేరు తెచ్చుకున్నవాడు. జర్మనీ క్లబ్బు డార్ట్‌మండ్‌కు మైకేల్ జోర్క్ 1981 నుంచి 1998 దాకా ఆడి, ఆ వెంటనే స్పోర్టింగ్ డైరెక్టర్ పని అందుకుని 2022 వరకు చేశాడు. లెవాండోస్కీ, హాలండ్, బెల్లింగ్‌హామ్ అతని రోజుల్లో వచ్చినవాళ్లే. ఆర్సెనల్‌లో 2024 దాకా ఈ పని చేసిన ఎడు కూడా 2003-04లో ఓటమి ఎరుగని ఆ జట్టులో ఆడినవాడే. మాజీ ఆటగాడైతే అభిమానులు నమ్ముతారు, ఆటగాడికి భరోసా ఉంటుంది. కానీ పేరు చూసి పని ఇవ్వకూడదు. న్యూకాజిల్‌లోనే 2013 జూన్‌లో క్లబ్బు మాజీ మేనేజర్ జో కినియర్‌ను డైరెక్టర్‌ను చేశారు. 2014 ఫిబ్రవరిలో ఆయన వెళ్లేసరికి రెండు ట్రాన్స్‌ఫర్ విండోల్లో (ఆటగాళ్లను కొనడానికి అనుమతి ఉన్న రోజులు) వేరే క్లబ్బుల నుంచి అప్పుగా తెచ్చిన ఇద్దరు తప్ప మొదటి జట్టుకు సొంతానికి కొన్నది ఒక్కరూ లేరు. జట్టును నడిపించిన కబాయ్ మాత్రం పారిస్‌కు అమ్ముడైపోయాడు.

రెండోవాడు స్కౌటింగ్‌లో ఆరితేరినవాడు. ఇతన్ని చూస్తే యజమానులకు నోరూరుతుంది. స్టీవ్ వాల్ష్ లెస్టర్ కోసం మహ్రెజ్, కాంటే లాంటివాళ్లను పట్టుకున్న మనిషి, లెస్టర్ 2016లో లీగ్ గెలిచింది. ఆ వేసవిలోనే ఎవర్టన్ అతన్ని డైరెక్టర్‌గా తీసుకుంది. 2017లో లుకాకును అమ్మిన డబ్బు చేతిలో ఉంది. రూనీ, సిగుర్డ్‌సన్, క్లాసెన్ వచ్చారు. ముగ్గురూ ఆడాలనుకునేది ఇంచుమించు ఒకే చోట. లుకాకు స్థానంలో గోల్స్ కొట్టేవాడు మాత్రం రాలేదు. అక్టోబర్‌లో కోచ్ కూమన్ ఉద్యోగం పోయింది, తర్వాతి వేసవికి వాల్ష్ కూడా లేడు. మంచి ఆటగాడిని గుర్తుపట్టే కన్ను ఒక విద్య. జట్టంతటినీ ఒక్కటిగా చూసి, ఏది కొరతో తేల్చి, యజమాని ఇష్టాన్నీ కోచ్ ఇష్టాన్నీ కాదనగలగడం వేరే విద్య. ఆ రెండోది ఉందో లేదో చూడకుండా మొదటిదాన్ని చూసి మురిసిపోవద్దు.

మూడోవాడు పద్ధతులు కట్టే నిర్వాహకుడు. డాన్ ఆష్‌వర్త్‌ను ఈ రకంలో పెద్ద పేరుగా చెబుతారు. బ్రైటన్‌లో పని చేసి, న్యూకాజిల్‌కు వెళ్లి, అక్కడి నుంచి నెలల తరబడి ఎదురుచూపుల తర్వాత 2024 జూలైలో మాంచెస్టర్ యునైటెడ్‌లో చేరాడు. డిసెంబర్‌కల్లా బయటికొచ్చేశాడు. ఐదు నెలలు. అంత ఆరాటపడి తెచ్చుకున్న మనిషికి ఒక్క పూర్తి సీజన్ కూడా దక్కలేదు. ఇలాంటివాడిని తెచ్చుకుంటే కనీసం మూడేళ్లు అతని జోలికి పోకుండా ఉండగలరో లేదో యజమాని ముందే తనను తాను అడిగి చూసుకోవాలి.

ముగ్గురిలో ఒకరిని ఎంచుకోమంటే నేను అమ్మకాల లెక్క చూస్తాను. ఇంటర్వ్యూలో ప్రతివాడూ తను కొన్న వజ్రం గురించి చెబుతాడు. మీరు అమ్మినవాళ్ల గురించి అడగండి. ఎప్పుడు అమ్మాడు, కాంట్రాక్ట్ ఎంత మిగిలి ఉండగా అమ్మాడు, ఆ స్థానంలో ఎవరిని తెచ్చాడు. లెవాండోస్కీ అంతటివాడు 2014లో కాంట్రాక్ట్ అయిపోయి డార్ట్‌మండ్ నుంచి బయెర్న్‌కు పైసా రాకుండా వెళ్లిపోయాడు. జోర్క్ లాంటివాడికే ఆ దెబ్బ తగిలింది. కొనడం తెలిసినవాళ్లు చాలామంది దొరుకుతారు. సరైన సమయానికి వదులుకోవడం తెలిసినవాడు అరుదు.

ఇంకో మాట, వరుస గురించి. ముందు డైరెక్టర్, ఆ తర్వాత కోచ్. మాంచెస్టర్ సిటీ 2012లో చికి బెగిరిస్టైన్‌ను తెచ్చుకుంది, గ్వార్డియోలా 2016లో వచ్చాడు. ఆయన వచ్చేటప్పటికి ఇల్లు ఆయనకు తగ్గట్టు సర్ది ఉంది. కోచ్‌ను ముందు పెట్టి అతని నెత్తిన డైరెక్టర్‌ను తెచ్చి కూర్చోబెడితే కీగన్ కథ మళ్లీ మొదలవుతుంది.

మన చిన్న క్లబ్బుల సంగతి

నేను ఒకప్పుడు సాయం చేసిన ఒక చిన్న క్లబ్బులో ఎడమవైపు కాపలా కాసే లెఫ్ట్ బ్యాక్ లేక కోచ్ రెండు నెలలు మొత్తుకున్నాడు. డబ్బు పెట్టే పెద్దాయన ఎక్కడో చూసి నచ్చిన స్ట్రైకర్‌ను తెచ్చాడు. ఆ కుర్రాడు మంచి ఆటగాడే, బెంచీ మీద కూర్చుని సీజన్ గడిపాడు. లెఫ్ట్ బ్యాక్ స్థానంలో నుంచే మాకు గోల్స్ పడ్డాయి. కోట్ల పౌండ్ల దగ్గరా, కొన్ని వేల రూపాయల దగ్గరా అదే తప్పు జరుగుతుందని అప్పుడు తెలిసింది.

హైదరాబాద్‌కు ఈ విషయంలో పాత చరిత్ర ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టుకు కోచ్‌గా 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. కుర్రాళ్లను వెతకడం, తీర్చిదిద్దడం, ఆడించడం అన్నీ ఆయనే. అంటే మొదటి దారికి మన దగ్గరే ఇంతటి మనిషి ఉన్నాడు. 1963 జూన్‌లో ఆయన పోయారు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకు ఆ తర్వాత స్వర్ణం రాలేదు. ఆయనకు తెలిసిందంతా ఆయనతోనే పోకుండా పట్టుకునే ఏర్పాటు ఎవరూ చేయలేదని తలచుకుంటే నాకిప్పటికీ బాధగా ఉంటుంది.

ఈ కాలంలో 2019లో మొదలైన హైదరాబాద్ ఎఫ్‌సీ మొదటి సీజన్ ఆఖరి స్థానంలో ముగించింది. తర్వాత కోచ్ మనోలో మార్కెజ్, ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్లు, ఓగ్బెచే గోల్స్‌తో 2022 మార్చిలో గోవాలోని ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచింది. ఆ ఫైనల్‌లో ఓడిన కేరళ అప్పటికే కరోలిస్ స్కింకిస్ అనే లిథువేనియా మనిషిని స్పోర్టింగ్ డైరెక్టర్‌గా పెట్టుకుని ఉంది. ఐ-లీగ్‌లో శ్రీనిధి డెక్కన్ 2023, 2024లో వరుసగా రెండో స్థానంలో నిలిచింది. ఇక్కడ విదేశీ ఆటగాళ్ల కాంట్రాక్ట్‌లు ఎక్కువగా ఒకటి రెండేళ్లవే. కోచ్ మారినప్పుడల్లా సగం జట్టు మారిపోతుంది. కాబట్టి మన క్లబ్బులకు డైరెక్టర్ అవసరం యూరప్‌లోకన్నా ఎక్కువే అంటాను.

అయితే బడ్జెట్ చిన్నదైతే పెద్ద జీతంతో డైరెక్టర్‌ను తెచ్చుకోవాల్సిన పని లేదు. జిల్లా లీగులు తిరిగే, అకాడమీ పిల్లల పేర్లు తెలిసే, కోచ్ కింద పని చేయని మనిషి ఒకడు చాలు. స్కౌటింగ్ నోట్సు, ప్రతి ఆటగాడి కాంట్రాక్ట్ తేదీ, ప్రతి స్థానానికి రెండు మూడు ప్రత్యామ్నాయాల పేర్లు అతని దగ్గర ఉండాలి, అవి క్లబ్బు ఆస్తిగా ఉండాలి. కోచ్ వెళ్లేటప్పుడు ల్యాప్‌టాప్‌తో పాటు అవీ వెళ్లిపోకూడదు.

ఎవరికి ఏది అంటే

కోచ్ తరచుగా మారే క్లబ్బు అయితే రెండో దారి, ఇంకో ఆలోచన వద్దు. డబ్బు తక్కువ, ఓపిక ఎక్కువ ఉన్న యజమాని అయితే బ్రెంట్‌ఫర్డ్ లాగా లెక్కల దారి, కానీ జవాబుదారీ డైరెక్టర్‌తో. కమిటీని సలహాకు మాత్రమే ఉంచుకోండి. పదేళ్లుగా ఉన్న, అందరూ గౌరవించే మేనేజర్ ఇప్పటికే మీ దగ్గర ఉంటే అతన్ని కదపకండి. అతని పక్కన బేరాలు చూసే మనిషిని పెట్టి, అతని తర్వాత ఎవరన్నది ఇప్పుడే వెతకడం మొదలుపెట్టండి. ఆటగాళ్ల ఎంపికలో యజమాని తనే చేయి పెడతానంటే మాత్రం డైరెక్టర్‌ను పెట్టుకోవడం దండగ. ఆ జీతం అకాడమీకి ఇవ్వడం మేలు.

ఎవరిని తీసుకున్నా కాంట్రాక్ట్‌లో నాలుగు విషయాలు మామూలు భాషలో రాయించండి. ఆటగాడిని కొనాలన్న నిర్ణయంలో చివరి మాట ఎవరిది. కోచ్ వద్దన్న ఆటగాడిని తీసుకోవచ్చా, తీసుకుంటే ఆడించాలని ఒత్తిడి చేయవచ్చా. అమ్మకం నిర్ణయం ఎవరిది, కోచ్‌కు ఎన్ని రోజుల ముందు చెప్పాలి. ఇద్దరికీ పడకపోతే తేల్చేది ఎవరు. ఇదే కాగితం కోచ్ కాంట్రాక్ట్‌కు కూడా జత చేయాలి, ఇద్దరూ రెండిటి మీదా సంతకం పెట్టాలి.

వేసవి విండో తెరవడానికి కనీసం మూడు నెలల ముందు డైరెక్టర్ పనిలో ఉండాలి. జూన్‌లో వచ్చినవాడు ముందువాడి జాబితాతోనే కొంటాడు. మార్చిలో వస్తే మీ జట్టు మ్యాచ్‌లు పదైనా తన కళ్లతో చూస్తాడు.